సోమవారం సన్మానం

ఆ జిల్లాకి అన్నీ ఉన్నాయి. గోదారి కాలవలున్నాయి, చేపల చెరువులున్నాయి, తగవులు తీర్చే పెద్దమనుషులున్నారు, వాళ్లు తీర్చాక పుట్టిన కొత్త తగవులూ ఉన్నాయి. లేనిదల్లా ఒక్క ప్రపంచ ర్యాంకు. అదీ ఒక సోమవారం పొద్దున్న వచ్చిపడింది. జిల్లా పేరు అడక్కండి. అక్కడ నాకు ఇంకా పనులున్నాయి.

ర్యాంకు వచ్చింది వాసంశెట్టి ప్రసన్నకి. ఆడవాళ్ల టెన్నిస్ ప్రపంచ జాబితాలో ఆ పిల్లది పదకొండు వందల నలభై రెండో స్థానం. టీవీలో చూపించే పెద్ద పోటీలు వేరు, ఈ పిల్ల ఆడేవి వేరు. ఇవి ఎవరూ చూడని పోటీలు. ఏ మహారాష్ట్రలోనో కర్ణాటకలోనో ఒక ఊళ్లో నాలుగు కోర్టులుంటాయి, వాటి పక్కన కాసిని ప్లాస్టిక్ కుర్చీలుంటాయి, ఆ కుర్చీల్లో ఆడేవాళ్ల అమ్మానాన్నలుంటారు. ఓడినవాళ్లు ఆ సాయంత్రమే రైలెక్కుతారు. గెలిచినవాళ్లకి ఒకటో రెండో పాయింట్లు వస్తాయి. అవీ శాశ్వతం కాదు. ఏడాది తిరగ్గానే చెల్లిపోతాయి, మళ్లీ వెళ్లి మళ్లీ గెలుచుకోవాలి. కట్టుకున్న ఇంటిని ఏటా పడగొట్టి మళ్లీ కట్టుకునే సంసారం అది.

ప్రసన్న తండ్రి సత్తిబాబు ఆఫీసర్స్ క్లబ్బులో మార్కరు. మార్కరంటే పొద్దున్నే కోర్టుకి నీళ్లు కొట్టి, రోలరు లాగి, సున్నంతో గీతలు గీసేవాడు. సాయంత్రం ఆఫీసర్లు ఆడుకుంటుంటే బంతులు ఏరి ఇచ్చేవాడు. ఎవరికైనా జోడీ తక్కువైతే అవతలి పక్క నిలబడి వాళ్లు గెలిచేలా ఆడేవాడు. అన్నిట్లోకీ ఈ చివరిదే కష్టం. ఉద్యోగం తాత్కాలికం. పెళ్లికి ముందు నుంచీ తాత్కాలికమే, ఇప్పుడు కూతురికి పంతొమ్మిదేళ్లు. చిన్నప్పుడు ఆ పిల్లని వెంట తెచ్చుకుని కోర్టు పక్కన గోడ దగ్గర వదిలేవాడు. అక్కడే పాత బ్యాటుతో బంతి కొట్టడం మొదలెట్టింది. తండ్రి ఎదుటివాళ్ల చేతిలో ఓడటం నేర్చుకున్నాడు గానీ, ఆ గోడ ఎవరికీ ఓడేది కాదు. అందుకని పిల్లకి ఆట బాగానే వచ్చింది.

జిల్లా క్రీడాభ్యుదయ సంస్థకి చైర్మన్ దంతులూరి నరసింహరాజుగారు. క్లబ్బుకి సెక్రటరీ కూడా ఆయనే. ర్యాంకు సంగతి పేపర్లో పడిన రోజు సాయంత్రం, రాజుగారు బంతి కోసం కాకుండా సత్తిబాబుని పిలవడం అదే మొదటిసారి.

"ఏరా సత్తిబాబూ, పేపర్లో పడ్డ పిల్ల నీ కూతురేనంట కదా?"

"ఆయ్. మా అమ్మాయేనండి."

"మరి చెప్పవేంరా?"

"తమరు అడగలేదండి."

రాజుగారు తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ పక్కనున్న సోమయాజులుగారి వైపు తిరిగారు. "ప్రపంచంలో ఎంతమంది జనాభా ఉంటారండీ? అందులో పదకొండొందలంటే మాటలా. మనవాళ్లెవరైనా దేంట్లోనైనా మొదటి లక్షలో ఉన్నారా?"

వేదుల సోమయాజులుగారు సంస్థకి కార్యదర్శి. అసలు ఉద్యోగం మత్స్యశాఖలో. చేపపిల్లల ఎదుగుదలని నెలనెలా కొలిచి పైకి పంపడంలో ఆయనకి మంచి పేరుంది. క్రీడాకారుల ఎదుగుదల కూడా అలాంటిదేనని ఎవరో పెద్దలు భావించి ఆయన్ని డిప్యుటేషన్ మీద ఇటు పంపారు. ఆయన కాసేపు ఆలోచించి, "లేరండి. రొయ్యల ఎగుమతిలో ఉన్నాం గానీ అది సమష్టిగా" అన్నారు.

ఆ వారమే షామియానా వేసి ప్రసన్నకి సన్మానం చేశారు. శాలువా కప్పారు, దండ వేశారు, జ్ఞాపిక ఇచ్చారు. సత్తిబాబు అతిథులకి మంచినీళ్లు అందిస్తూ వెనక నిలబడి చూశాడు. కూతురు వేదిక మీద కూర్చుంటే కళ్లమ్మట నీళ్లొచ్చాయి. అంతటితో ఆగి ఉంటే ఈ కథ ఉండేది కాదు. కానీ ఆ సభ అయ్యాక, తాంబూలాలు నములుతూ కమిటీ సమావేశమైంది.

పొరుగు జిల్లావాళ్లు ఒక బరువులెత్తే కుర్రాడికి ఆర్నెల్లు ఆలస్యంగా సన్మానం పెట్టారట. ఈలోగా అతను వేరే రాష్ట్రంలో ఉద్యోగం చూసుకుని వెళ్లిపోయాడట. చివరికి అతని ఫొటోకి దండ వేసి పంపిస్తే, చూసినవాళ్లు అయ్యో పాపం అని ఇంటికి పరామర్శకి వెళ్లారట. అలాంటి అప్రతిష్ఠ మన జిల్లాకి రాకూడదని రాజుగారు అన్నారు. సోమయాజులుగారు వెంటనే తీర్మానం చదివారు.

"జిల్లా కీర్తిని జగద్విదితము చేసిన క్రీడాకారిణి యొక్క ప్రగతిని సంస్థ నిరంతరము అనుసరించవలెననియు, ఆమె ర్యాంకు మెరుగుపడిన ప్రతి సందర్భమునందును, ర్యాంకు వెలువడిన దినముననే, ఆమెను వేదికపై ఆసీనురాలిని గావించి సన్మానించవలెననియు ఏకగ్రీవముగా తీర్మానించడమైనది."

ప్రపంచ జాబితా వెలువడేది సోమవారం. చిన్న పోటీల్లో ఆటలు మొదలయ్యేదీ సోమవారమే. ఈ రెండూ ఒకే సోమవారమని ఆ గదిలో తెలిసినవాడు సత్తిబాబు ఒక్కడే. ఆయన ఆ సమయంలో టీ గ్లాసులు తీస్తున్నాడు, ఆయన్నెవరూ అడగలేదు.

రెండు నెలలు తిరక్కుండా ప్రసన్నకి విషజ్వరం తగిలింది. పిల్ల మంచం దిగలేదు. ఆ వారంలోనే ప్రపంచంలో ఎక్కడెక్కడో ఎవరెవరివో పాత పాయింట్లు చెల్లిపోయి, వాళ్లు కిందికి జారారు. వాళ్లు జారిన మేరకి ఈమె తొమ్మిది స్థానాలు పైకి వచ్చింది. సోమవారం పొద్దున్నే ఇంటి ముందు జీపు ఆగింది.

"ఒళ్లు కాలిపోతా ఉందండి" అంది సత్తిబాబు భార్య మంగ, గుమ్మానికి అడ్డంగా నిలబడి. "కూకోలేదండి."

"వేదిక మీద దిండ్లు వేయించాం అమ్మా. ఒరిగి కూర్చోవచ్చు. తీర్మానంలో ఆసీనురాలు అని ఉంది గానీ నిటారుగా అని లేదు" అన్నారు సోమయాజులుగారు సౌమ్యంగా.

ఆ సభలో రాజుగారు ఉద్వేగంగా మాట్లాడారు. "జ్వరంతో మంచాన పడి కూడా తొమ్మిది మందిని వెనక్కి నెట్టిన ధీరవనిత ఈ ప్రసన్న. మన యువత దీన్నుంచి నేర్చుకోవాలి" అన్నారు. ఏం నేర్చుకోవాలో యువతకి బోధపడలేదు గానీ చప్పట్లు కొట్టారు. ప్రసన్న శాలువా కప్పుకుని వణుకుతుంటే, వినయమని అందరూ మెచ్చుకున్నారు.

సోమయాజులుగారు మాత్రం ఊరికే చప్పట్లతో ఊరుకునే మనిషి కాదు. చేపల శాఖలో నేర్చుకున్న పద్ధతి ప్రకారం గ్రాఫు కాగితం మీద గీతలు గీశారు. ప్రసన్న ఊరూరా తిరిగి ఆడిన నెలలో ర్యాంకు నాలుగు స్థానాలే మెరుగుపడింది. మంచాన పడిన ఒక్క వారంలో తొమ్మిది స్థానాలు మెరుగుపడింది. శాస్త్రీయంగా చూస్తే ఇందులో రెండో అభిప్రాయానికి తావు లేదు. "చెరువులో చేపను మాటిమాటికీ పైకి తీసిన ఎదుగుదల కుంటుపడును. ప్రయాణములు, పోటీలు తగ్గించి, విశ్రాంతి పెంచినచో క్రీడాకారిణి ఏడాదిలో మొదటి ఆరువందలలోనికి రాగలదు" అని నివేదిక సమర్పించారు. కమిటీ దాన్ని హర్షధ్వానాల మధ్య ఆమోదించింది.

సత్తిబాబు కూతుర్ని వెంటబెట్టుకుని రాజుగారి దగ్గరికి వెళ్లాడు. రాజుగారు కోర్టు పక్కన కొబ్బరి నీళ్లు తాగుతున్నారు.

"సార్, సోమవారం ఇక్కడ కూర్చుంటే అక్కడ ఆటకి వెళ్లలేకపోతున్నాను సార్" అంది ప్రసన్న. "ఇప్పటికి మూడు పోటీలు పోయాయి. సన్మానం ఆదివారానికి మార్చండి సార్."

"ఆదివారం నాటికి ర్యాంకు రాదు కదమ్మా. రాని ర్యాంకుకి సన్మానం చేస్తే ఆడిట్ వాళ్లు ఊరుకుంటారా?"

"పోనీ నేను వెళ్లి ఆడి వచ్చాక చేయండి సార్."

రాజుగారు కొబ్బరిబొండం కింద పెట్టారు. "చూడు తల్లీ, ఆట నీ సొంత విషయం. అందులో మేం జోక్యం చేసుకోం. ర్యాంకు మటుకు జిల్లాది. జిల్లా ఆస్తిని నువ్వు ఇలా నిర్లక్ష్యం చేస్తే ఎలా?" అని, సత్తిబాబు వైపు చూసి, "మీ నాన్న ఉద్యోగం పర్మినెంటు ఫైలు కూడా నా బల్ల మీదే ఉంది. నేను మంచివాణ్ణి కాబట్టి అక్కడే ఉంచాను" అన్నారు.

సత్తిబాబు "ఆయ్" అన్నాడు. ఇరవై ఏళ్లలో ఆయన రాజుగారితో ఎక్కువగా అన్న మాట అదే. ఇంటికి వెళ్లే దారిలో ప్రసన్న గబగబా ముందు నడిచింది. ఆయనకి తన మీద తనకే ఒళ్లు మండింది. ఆ పిల్ల కోర్టులో ఒక్క బంతి కూడా వదిలిపెట్టదు, తను నోటిదాకా వచ్చిన మాట కూడా అనకుండా వదిలేశాడు.

ఆడకపోతే ఏమవుతుందో అదే అయింది. ఈసారి ప్రసన్న పాయింట్లే కొన్ని చెల్లిపోయి, ర్యాంకు ముప్ఫై స్థానాలు కిందికి పోయింది. ఆ సోమవారం సన్మానం లేదు కాబట్టి రైలెక్కవచ్చని తండ్రీకూతుళ్లు సంచీ సర్దుకున్నారు. సంచీ జిప్పు వేస్తుండగా జీపు వచ్చింది. ప్రగతి లేనప్పుడు తిరోగతికి కారణాలు ప్రజలకి వివరించాలట. దానికి సంజాయిషీ సభ అని పేరు పెట్టారు. అదే షామియానా, అవే కుర్చీలు, అదే మైకు. దండ కూడా తెచ్చారు గానీ, బల్ల మీదే ఉంచి, "చూశావా, ఇది నీ మెడలో ఉండాల్సింది" అన్నట్టు అటు చూపిస్తూ మాట్లాడారు.

"తిరోగతికి కారణమేమని క్రీడాకారిణి భావించుచున్నది?" అని సోమయాజులుగారు మైకులో అడిగారు.

"ఆడకపోవడం అండి" అంది ప్రసన్న.

నివేదికకి విరుద్ధంగా ఉన్నందున ఆ జవాబుని నమోదు చేయలేదు. విశ్రాంతి చాలక ర్యాంకు తగ్గినట్టు రాసుకున్నారు.

అయినా రాజుగారు రాతిగుండె మనిషేం కాదు. పిల్ల కళ్లనీళ్లు పెట్టుకోవడం చూసి, రెండు రోజులు ఆలోచించి ఒక మధ్యేమార్గం కనిపెట్టారు. ప్రసన్న సన్మానానికి రాలేకపోతే, సన్మానమే ప్రసన్న దగ్గరికి వెళ్తుంది. కమిటీ అంతా వ్యాను కట్టించుకుని, శాలువాలు, దండలు, ఇత్తడి దీపస్తంభం, ఫొటోగ్రాఫరు, పులిహోర పొట్లాలతో బయల్దేరింది. మహారాష్ట్రలో ఒక పట్టణం. సోమవారం ప్రసన్న తొలి ఆట. పొద్దున్నే జాబితా చూస్తే ర్యాంకు రెండు స్థానాలు మెరుగుపడి ఉంది. రాజుగారు తృప్తిగా తలపంకించారు.

ఆ రోజు ప్రసన్న బాగా ఆడుతోంది. సత్తిబాబు కంచె పట్టుకుని నిలబడి చూస్తున్నాడు. పక్కనే సోమయాజులుగారు. ఆయన టెన్నిస్ ఆటని మొదటిసారి చూస్తున్నారు. కాసేపటికి ఆయన కూడా కంచె పట్టుకున్నారు.

"ఇలా ఎంతసేపు ఆడాలయ్యా?"

"గెలిచేదాకానండి. లేకపోతే ఓడేదాకానండి."

"మరి మధ్యలో కూర్చోరూ?"

"గేములు అవుతా ఉంటే పక్కలు మారేటప్పుడు కూచుంటారండి. నిమిషమో, నిమిషన్నరో."

సత్తిబాబుకి ఆ మాట అనగానే నాలిక్కరుచుకోవాలనిపించింది. ఆలస్యమైపోయింది. ఆసీనురాలు అన్న షరతు అక్కడ నెరవేరుతుందని సోమయాజులుగారికి స్ఫురించింది. రాజుగారికి చెప్పారు. పక్కలు మారగానే కమిటీ మొత్తం కోర్టులోకి దిగింది.

దీపం వెలిగించనిదే సభ మొదలవదు. కోర్టులో గాలికి అగ్గిపుల్లలు ఒకటొకటిగా ఆరిపోతున్నాయి. ఎత్తు కుర్చీలో కూర్చున్న అంపైరు "టైమ్" అన్నాడు. రాజుగారు ఆయనకి నమస్కారం చేసి ఇంకో పుల్ల గీశారు. అంపైరు మళ్లీ "టైమ్" అన్నాడు. సోమయాజులుగారు కుర్చీ దగ్గరికి వెళ్లి, తాము అధికార హోదాలో వచ్చామని, ఉపన్యాసాలు క్లుప్తంగా ఉంటాయని ఇంగ్లీషులో విన్నవించారు. అంపైరు వినకుండా ప్రసన్నకి హెచ్చరిక ఇచ్చాడు. తర్వాత ఆటలో ఒక పాయింటు కోసేశాడు. ఈలోగా దీపం వెలిగింది. రాజుగారు దండ తీసుకుని ఫొటోగ్రాఫరు వైపు తిరిగి నవ్వుతూ, పక్కన కుర్చీలో కూర్చున్న పిల్ల మెడలో వేశారు.

ఆ పిల్ల ప్రసన్న కాదు. ప్రసన్న మీద ఆడుతున్న గుజరాతీ అమ్మాయి.

ఆయన తప్పేం లేదు. అన్ని సన్మానాల్లోనూ ఆయన చూసింది కెమెరానే గానీ పిల్ల మొహం కాదు. గుజరాతీ అమ్మాయికి ఏం అర్థం కాలేదు. దండ తీసి పక్కన పెట్టి, మర్యాదగా నమస్కారం పెట్టి, వెళ్లి వరసగా నాలుగు గేములు గెలిచింది. పొరపాటు సరిదిద్దడానికి కమిటీ తర్వాతి విరామంలో మళ్లీ దిగింది. ప్రసన్నకి మరో పాయింటు కోత పడింది. చివరికి ఓడిపోయింది. శాలువాతో, ఓటమితో ఆ సాయంత్రమే రైలెక్కింది. వ్యానులో చోటుందని రాజుగారు అన్నా వినలేదు.

వచ్చే నెలలో అసలు గండం ఉంది. పోయినేడు ప్రసన్న అన్నిటికంటే ఎక్కువ పాయింట్లు సంపాదించిన పోటీ అది, కర్ణాటకలో. ఆ పాయింట్లు అదే వారంతో చెల్లిపోతాయి. సోమవారం అక్కడ ఉండి, ఆడి, గెలిచి ముందుకెళ్తేనే జాబితాలో పేరు ఉంటుంది. లేకపోతే ర్యాంకు తగ్గడం కాదు, పేరే ఉండదు. మళ్లీ అట్టడుగు నుంచి మొదలెట్టాలి. అంత ఓపిక పిల్లకి ఉన్నా, అన్ని ప్రయాణాలు చేయించే ఓపిక ఇంట్లో లేదు. ఈ సంగతి ఇంట్లో ముగ్గురికీ తెలుసు.

సరిగ్గా ఆ సోమవారానికే మహాసన్మానం పెట్టారు. అమాత్యులు వస్తున్నారు. ఆ రోజు ర్యాంకు మెరుగుపడుతుందో లేదో ముందుగా ఎలా తెలుస్తుందని ఎవరో సందేహం వెలిబుచ్చితే, మెరుగుపడకపోతే సంజాయిషీ సభ జరపడానికి కూడా అమాత్యులకి అభ్యంతరం లేదని రాజుగారు చెప్పారు.

సత్తిబాబు ఈసారి రాజుగారి దగ్గరికి వెళ్లలేదు. సోమయాజులుగారి ఇంటికి వెళ్లాడు. ఆయన అరుగు మీద కూర్చుని వక్కపొడి నములుతున్నారు.

"కూర్చోవయ్యా."

"ఫర్వాలేదండి" అని నిలబడ్డాడు సత్తిబాబు. ఎలా మొదలెట్టాలో తోచలేదు.

సోమయాజులుగారే అడిగారు. "ఆ రోజు మేం దిగకపోతే మీ అమ్మాయి గెలిచేదా?"

"ఏమోనండి. ఆడేదండి."

ఆయన వక్కపొడి నమలడం ఆపారు. "నేను చాలా చేపల్ని కొలిచానయ్యా. ఒక్కదాన్నీ ఈదుతుండగా చూడలేదు" అన్నారు.

"అమ్మాయి బదులు ఎవరన్నా కూకోవచ్చాండి, ఆ కుర్చీలో?"

సోమయాజులుగారు ఆలోచనలో పడ్డారు. ప్రభుత్వంలో ముప్ఫై ఏళ్లు పనిచేసిన మనిషికి పూర్వోదాహరణ దొరకని సమస్య ఉండదు. "ఉంది. మరణానంతర పురస్కారాలు. గ్రహీత తరఫున కుటుంబ సభ్యులు స్వీకరిస్తారు."

"మా అమ్మాయి బతికే ఉందండి."

"తెలుసయ్యా. గ్రహీత రాలేని స్థితిలో ఉండటమే ఇక్కడ ముఖ్యం. కారణం ఏదైనా ఒకటే. నేను రాసుకుంటాను, నువ్వు అమ్మాయిని రైలెక్కించు" అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "నీ ఉద్యోగం సంగతి మాత్రం నేను హామీ ఇవ్వలేను" అన్నారు.

సత్తిబాబు ఇంటికి వచ్చి సంచీ తనే సర్దాడు. "మరి నువ్వు, నాన్నా?" అంది ప్రసన్న. "నేను కూకుంటానమ్మా. కూకోడమే కదా, బరువులెత్తమన్నారా" అన్నాడు. మంగ మాత్రం ఉద్యోగం పోతే పెసరట్ల బండి పెట్టుకుందామని అప్పటికే పొయ్యి గురించి ఆలోచిస్తోంది. భయపడటం ఆవిడకి తెలియదు.

సోమవారం సభ కిక్కిరిసింది. సోమయాజులుగారు మైకు ముందు నిలబడి, "క్రీడాకారిణి కుమారి ప్రసన్న తరఫున సన్మానము స్వీకరించుటకు ఆమె తండ్రిగారు శ్రీ వాసంశెట్టి సత్యనారాయణగారిని సగౌరవముగా వేదికపైకి ఆహ్వానించుచున్నాము" అన్నారు. ఎవరూ కదల్లేదు. సత్తిబాబు కూడా కదల్లేదు. తన పూర్తి పేరు మైకులో విని, ఎవరో ఈ సత్యనారాయణగారు అని చుట్టూ చూశాడు. సోమయాజులుగారు చేయి ఊపాక వెళ్లి, అమాత్యులకీ రాజుగారికీ మధ్యనున్న సింహాసనం లాంటి కుర్చీలో అంచున కూర్చున్నాడు.

రాజుగారి మొహం కందగడ్డయింది. చెవి దగ్గరికి వంగి, "లేవరా. లేచి పక్కన నిలబడు" అన్నారు.

"లెగుద్దునండి" అన్నాడు సత్తిబాబు మెల్లగా. "ఆసీనులై ఉండాలని తమరే రాయించారండి."

ఇరవై ఏళ్లలో రాజుగారితో ఆయన అన్న అతి పెద్ద మాట అదే. అన్నాక కుర్చీలో ఇంకాస్త వెనక్కి జరిగి కూర్చున్నాడు. నిజం చెప్పుకోవాలి, కుర్చీ బాగుంది.

అమాత్యులకి ఈ గొడవేం తెలియదు. ఆయన సత్తిబాబు భుజం తట్టి, "ఇలాంటి తండ్రులుండబట్టే దేశం ఇలా ఉంది" అని చప్పట్లు కొట్టించారు. "రాజుగారూ, మీ చేతుల మీదుగా శాలువా కప్పండి" అన్నారు. రాజుగారు లేచారు. ఎదుట కెమెరాలున్నాయి. పొద్దున్నే తన కోర్టుకి నీళ్లు కొట్టిన మనిషికి వంగి శాలువా కప్పి, దండ వేశారు. ఈసారి కెమెరా వైపు చూడలేదు. ఎటు చూడాలో తెలియక మార్కరు మొహం వైపే చూశారు. అమాత్యులు వెళ్తూ వెళ్తూ, "అమ్మాయి ఎక్కడో ఆడుతోందట కదా. ఆడనివ్వండి. ప్రతి సోమవారం ఈ పెద్దాయన్నే కూర్చోబెట్టండి" అని సెలవిచ్చారు.

చొక్కా జేబులో ఫోను కదిలింది. సత్తిబాబు శాలువా కింద నుంచే తీసి చూశాడు. "గెలిచాను నాన్నా. రేపు కూడా ఉంది" అని ఉంది. ఆయన ఆ మాట ఎవరికీ చెప్పలేదు. దండలోకి తల వంచుకుని కూర్చుంటే, వినయమని అందరూ మెచ్చుకున్నారు.

మర్నాడూ గెలిచింది. పేరు జాబితాలో నిలబడింది. తర్వాత వారం ఇంకో ఊరు, ఆపై వారం మరో ఊరు. ర్యాంకు మెరుగుపడినప్పుడల్లా అమాత్యుల మాట ప్రకారం సత్తిబాబుని కుర్చీలో కూర్చోబెట్టి రాజుగారే దండ వేయాల్సి వచ్చింది. ఫొటోలు పేపర్లో వచ్చాయి. ఆఫీసర్స్ క్లబ్బులో పెద్ద చిక్కు వచ్చిపడింది. పొద్దున దండ వేసి "గారూ" అన్న మనిషిని సాయంత్రం "ఏరా, బంతి" అనడం ఎలా? సత్తిబాబు ఎప్పట్లాగే ఏరి ఇవ్వడానికి వచ్చేవాడు గానీ, వీళ్లకే మొహమాటం. ఎవరి బంతులు వాళ్లే ఏరుకోవడం మొదలెట్టారు. నీటిపారుదల ఇంజనీరుగారికి నడుం పట్టేసింది. రాజుగారు రెండు వారాలు క్లబ్బుకే రాలేదు. అమాత్యులు భుజం తట్టిన మనిషిని ఉద్యోగంలోంచి తీస్తే ఆ తట్టినాయన ఏమంటారోనని అదీ చేయలేకపోయారు.

చివరికి కమిటీ అత్యవసరంగా సమావేశమైంది. సోమయాజులుగారు సవరణ చదివారు. "సన్మాన వేదికపై కుటుంబ సభ్యులు, బంధువులు, ప్రతినిధులు ఇకపై అనుమతింపబడరు. క్రీడాకారిణి స్వయముగా హాజరు కాని యెడల, ఆ వారపు సన్మానముగాని సంజాయిషీగాని దానంతట అదే రద్దగును." చదువుతూ ఆయన ఎవరి వైపూ చూడలేదు. మార్కరు మళ్లీ కుర్చీ ఎక్కబోడన్న ఆనందంలో అందరూ బల్లలు చరిచారు. దాంతో ప్రసన్నకి ఏ సోమవారమూ ఇక్కడ పనిలేకుండా పోయిందని వాళ్లలో ఒక్కరికీ తట్టలేదు. తట్టిన ఒక్కాయన కాగితాలు సర్దుకుంటూ కూర్చున్నారు.

పథకం రద్దు కాలేదు. ఏ పథకమూ రద్దు కాదు. ఇప్పటికీ ప్రతి సోమవారం పదకొండు గంటలకి షామియానా వేస్తారు. కమిటీ వస్తుంది. వేదిక మీద ఖాళీ కుర్చీ వేస్తారు. క్రీడాకారిణి హాజరు కాలేదని ధ్రువీకరించుకున్న మీదటే సభ రద్దు చేయాలి కాబట్టి, అందరూ టీ తాగుతూ ఎదురుచూస్తారు. టీ గ్లాసులు అందించేది సత్తిబాబే. ఆ సమయానికి ప్రసన్న ఎక్కడో ఒక ఊళ్లో, ఎవరూ చూడని కోర్టులో బంతి పైకి ఎగరేస్తుంటుంది. ఒకో వారం గెలుస్తుంది, ఒకో వారం ఓడిపోతుంది.

రాజుగారు గడియారం చూసుకుని, నియమం ప్రకారం అడుగుతారు. "ఏరా సత్తిబాబూ, అమ్మాయి వచ్చిందా?"

సత్తిబాబు పళ్లెం చంకలో పెట్టుకుని, నిటారుగా నిలబడి, షామియానా చివరి వరస దాకా వినపడేలా చెబుతాడు.

"రాలేదండి."